పోస్టు నిజమో కాదో తేల్చుకునే పాఠం: తయారీలో మెళకువలు

సమన్వయకర్త: నమస్కారం. తరగతి గది నుంచి ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లోకి, అంటే తాము పక్కన లేకపోయినా నడిచే పాఠాల తయారీలోకి, వచ్చే టీచర్లలో చాలామందికి మీడియా లిటరసీ మీద, అంటే వార్తల, పోస్టుల నిజానిజాలు తేల్చుకునే నేర్పు మీద, మక్కువ. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్, మీడియా లిటరసీ శిక్షకుడు మనతో ఉన్నారు. మేడమ్, ఈ పనిలో టీచరుకు ముందుగా అడ్డొచ్చేది ఏమిటి?

డిజైనర్: మంచి టీచరుకున్న బలమేనండి. క్లాసులో మొహాలు చూసి అప్పటికప్పుడు పాఠం మార్చుకుంటారు. డిజైన్ చేసిన పాఠం నడిచే చోట మనం ఉండం. ఎవరు ఎక్కడ తడబడతారో ముందే పసిగట్టి అక్కడ ఒక ప్రశ్నో సూచనో పెట్టి ఉంచాలి. అందుకే స్లైడ్ల కంటే ముందు చివరి పరీక్ష రాసుకోవాలి. 'తప్పుడు వార్తలపై అవగాహన పొందుతారు' అనే లక్ష్యాన్ని దేనితో కొలుస్తాం? 'తెలియని వెబ్‌సైటు ఇస్తే, బయటి ఆధారాలు రెండు చూసి, దాన్ని ఎవరు నడుపుతున్నారో మూడు నిమిషాల్లో చెబుతారు' అని రాస్తే పరీక్ష అందులోనే ఉంది.

శిక్షకుడు: అసలు కీలకం ఆ 'బయటి ఆధారాలే'. చాలా పాఠాలు ఇంకా చెక్‌లిస్టు దగ్గరే ఉన్నాయి: తేదీ ఉందా, రచయిత పేరుందా, చిరునామా చివర డాట్ ఆర్గ్ ఉందా. ఇవన్నీ ఆ పేజీవాళ్ల చేతిలో ఉన్నవే. డాట్ ఆర్గ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన పరిశీలన 2017లో వెలువడింది. అందులో 10 మంది చరిత్రకారులు, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న ఫ్యాక్ట్ చెకర్లు 10 మంది, 25 మంది విద్యార్థులు. చరిత్రకారుల్లోనూ విద్యార్థుల్లోనూ చాలామంది ఆ పేజీలోనే ఉండి పైనుంచి కిందికి చదువుతూ లోగోలకు, సైటు పేర్లకు మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం త్వరగా బయటికొచ్చి, కొత్త ట్యాబులు తెరిచి, ఆ సైటు గురించి మిగతావాళ్లేమంటున్నారో చూశారు. అదే ల్యాటరల్ రీడింగ్.

సమన్వయకర్త: దాన్ని పాఠంగా ఎలా మలుస్తారు?

డిజైనర్: 45 నిమిషాలు ఉన్నాయనుకోండి. మొదటి 5 నిమిషాలు ఏమీ చెప్పకుండా ఒక పోస్టు ఇచ్చి తేల్చమనాలి. తర్వాత 8 నిమిషాలు స్క్రీన్ మీద చేసి చూపాలి, మనసులో మాట పైకి అంటూ: 'ఈ సంస్థ నాకు తెలియదు. ఇంకా చదవను. పేరు కాపీ చేసి కొత్త ట్యాబులో వెతుకుతా. మొదటి ఫలితం వెంటనే నొక్కను, కింద ఉన్న రెండు లైన్లు చదివి ఎంచుకుంటా.' ఆపైన 12 నిమిషాలు సగం చేసిన ఉదాహరణలు: రెండు అడుగులు మనవి, మిగతావి వాళ్లవి. 15 నిమిషాలు సొంతంగా. చివరి 5 చర్చకు. చాలామంది చేసి చూపడం ఎగ్గొట్టి నేరుగా అభ్యాసం ఇస్తారు. పద్ధతి, కొత్త విషయం రెండూ ఒకేసారి మీద పడితే కొత్తవాళ్ల బుర్ర మోయలేదు.

శిక్షకుడు: ఇంకో పెద్ద పొరపాటు, ఇచ్చిన ఆరు పోస్టులూ అబద్ధాలే కావడం. అన్నిటికీ 'ఫేక్' అని టిక్ పెట్టినవాళ్లకు నూటికి నూరొస్తాయి. నేర్చుకున్నది ఉత్త అనుమానం. మూడు నిజాలు, రెండు అబద్ధాలు, నిజమైన ఫొటోకు తప్పుడు సందర్భం తగిలించినది ఒకటి పెట్టండి. నిజాలను నిజమని గుర్తించినందుకు మార్కులు విడిగా లెక్కించండి.

సమన్వయకర్త: ఫొటోల సంగతి?

శిక్షకుడు: ఒక ఫొటో ఇంకెక్కడ కనిపించిందో ఆ ఫొటోనే ఇచ్చి నెట్‌లో వెతకొచ్చు. పైన పెద్ద అక్షరాలున్న ఫొటోను అలాగే వెతికితే అదే పోస్టు కాపీలు బోలెడు వస్తాయి. అక్షరాలు లేని భాగం కత్తిరించి వెతకాలి. బోర్డుల మీద రాతలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంటే ఫొటోను కుడి ఎడమలు మార్చి మళ్లీ వెతకాలి. ఇలా ఫొటోలు వెతికే సైటు టిన్‌ఐలో పాతవి ముందొచ్చేలా పెట్టుకోవచ్చు. కానీ అక్కడ కనిపించే తేదీ ఆ ఫొటో టిన్‌ఐకి మొదట దొరికిన రోజు, తీసిన రోజు కాదు. 'నిన్నటి ఫొటో' అన్నది మూడేళ్ల కిందటే అక్కడుంటే అబద్ధం బయటపడినట్టే. ఏమీ దొరకకపోతే మాత్రం కొత్తదని అర్థం కాదు, ఈ మాట పాఠంలో రాసి తీరాలి.

డిజైనర్: లింకులు పోతాయి, వెతుకులాట ఫలితాలు మారతాయి. ప్రతి పోస్టుకూ స్క్రీన్‌షాట్, ఆర్కైవ్ కాపీ (వెబ్ పేజీలను భద్రపరిచే సైటులో దాచినది), సేకరించిన తేదీ దాచుకోవాలి. మూడు నెలలకోసారి అన్నీ నొక్కి చూడాలి. ఇంకొకటి, అబద్ధాన్ని పదేపదే చూపకూడదు. పదేపదే విన్న మాట నిజమనిపిస్తుందని 1977లోనే హాషర్, గోల్డ్‌స్టీన్, టాపినో అనే పరిశోధకులు చూపారు. ఒక్కసారి చూపి, పక్కనే 'అబద్ధం' అని రాసి, స్లైడును సరైన విషయంతో ముగించాలి.

సమన్వయకర్త: ఈ రంగంలోకి వచ్చే టీచరు దగ్గర పనికి రుజువుగా ఏముండాలి?

డిజైనర్: పది కోర్సుల సర్టిఫికెట్ల కంటే ఒక్క పాఠం పూర్తి ఫైలు మేలు. అవసరాల విశ్లేషణ, స్టోరీబోర్డు (ఏ స్క్రీన్‌లో ఏముంటుందో వరసగా చూపే ముసాయిదా), పరీక్ష, ఐదుగురితో చేసిన ట్రయల్ నోట్సు. ట్రయల్‌లో పక్కన కూర్చుని నోరు మెదపకూడదు. వాళ్లు ఆగిన ప్రతి చోటునూ రాసుకోవాలి, దాన్నిబట్టి ఏం మార్చారో కూడా.

శిక్షకుడు: పరీక్ష గురించి ఒక్క మాట. ఆన్‌లైన్ పాఠాలను లెర్నింగ్ సైటులో పెట్టడానికి వాడే స్కార్మ్ ప్యాకేజీ మామూలుగా పూర్తిచేశారా, ఎన్ని మార్కులు, ఎంత సమయం అన్నవే పంపుతుంది. ట్యాబు తెరిచి చూశారో, ఊహించి నొక్కారో దానికి తెలియదు.

డిజైనర్: అందుకే ప్రతి జవాబు కింద చిన్న పెట్టె పెడతామండి: 'ఏం వెతికారు? ఏ లింకు తెరిచారు? ఎందుకు?' మూడు వారాల తర్వాత కొత్త పోస్టులతో అదే పరీక్ష మళ్లీ పెట్టినప్పుడు ముందు ఆ పెట్టెలే చదవాలి, మార్కులు తర్వాత.