డకార్‌లో ఒక రాత్రి భోజనం: నూకలు, గోంగూర, ఇరవై ఒక్క తీగలు

[దృశ్యం: రాత్రి. చెట్టు కింద బల్లలు, కొమ్మలకు కట్టిన దీపాలు. ఒక మూల నాలుగడుగుల వేదిక. వేదిక మీద ఒకాయన తీగలు సవరించుకుంటున్నాడు. వంటింటి వైపు నుంచి పొగ.]

నూకలంటే మనకు కొంచెం చిన్నచూపు. చెరిగేటప్పుడు పక్కకు తీసేసేవి, ఉప్మాకో జావకో వాడేవి, మిగిలితే కోళ్లకు చల్లేవి. అవే నూకలను పీట వేసి కూర్చోబెట్టిన దేశం ఒకటుంది. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్. నిండు గింజల బియ్యం అంగట్లో ఎదురుగా కనిపిస్తున్నా, తమ జాతీయ వంటకానికి అక్కడివాళ్లు నూకలనే ఏరికోరి తెచ్చుకుంటారు.

ఈ వీడియోలో మనం సెనెగల్ రాజధాని డకార్‌లో భోజనానికి కూర్చుంటున్నాం. పక్కనే వేదిక, వేదిక మీద పాట. ఇక్కడ పళ్లెంలోకి వచ్చేవాటిలో, వేదిక మీద మోగేవాటిలో కొన్ని సముద్రం దాటి వచ్చినవే. వచ్చినవాటిని ఈ ఊరు ఎలా తన సొంతం చేసుకుందో తెలుసుకుని తింటే, విని తింటే ఆ రాత్రి మరింత రుచిగా ఉంటుంది.

ముందుగా ఒక మాట. ఇప్పుడు చెప్పబోయే వంటకం అసలు రాత్రి భోజనం కాదు, మధ్యాహ్నపుది. రాత్రి వెళ్లి అడిగితే చాలా చోట్ల అయిపోయిందంటారు. అందుకే మన సాయంత్రం మధ్యాహ్నమే మొదలవుతుంది.

[దృశ్యం: పగలు. పెద్ద అల్యూమినియం పాత్ర. పైనుంచి కెమెరా.]

ఆ వంటకం పేరు చెబుజెన్. సెనెగల్‌లో ఎక్కువమంది మాట్లాడే వొలోఫ్ భాషలో చెబ్ అంటే బియ్యం, జెన్ అంటే చేప. 2021లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న సెయింట్ లూయీ పట్టణం దీని పుట్టిల్లు. పెందా ఎంబాయ్ అనే వంటమనిషి దీన్ని మొదట వండిందని అక్కడ చెప్పుకుంటారు.

వండే తీరు దగ్గరగా చూద్దాం. పార్స్లీ ఆకు, వెల్లుల్లి, మిరప కలిపి రోట్లో దంచుతారు. దీన్ని రోఫ్ అంటారు. పెద్ద చేప ముక్కలకు కత్తితో గాట్లు పెట్టి, వేలితో ఆ పచ్చటి ముద్దను లోపలికంటా కూరుతారు. గుత్తి వంకాయకు కారం పెట్టినట్లే. చేపను నూనెలో వేయించి తీసి, అదే నూనెలో టమాటా గుజ్జును ఎర్రగా, పచ్చివాసన పోయేదాకా వేపుతారు. నీళ్లు పోసి చేపను, క్యారెట్, క్యాబేజీ, కర్రపెండలం, వంకాయలను అందులో ఉడికిస్తారు. ఎండబెట్టిన చేప ముక్క ఒకటి కూడా వేస్తారు. వాసన ఘాటుగా ఉంటుంది గానీ, అది లేకపోతే ఆ పులుసుకు నడుము నిలవదు. మన కోస్తాలో ఎండు చేప వేసి వండే పులుసులు తిన్నవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

చేపలూ కూరగాయలూ తీసి పక్కన పెట్టాక మిగిలిన ఎర్రటి పులుసే నూకలను ఉడికించే ఎసరు. నూకలను కడిగి, ముందు అదే పాత్ర మీద చిల్లుల గిన్నెలో ఆవిరికి పెడతారు. ఆ తర్వాతే పులుసులో వేస్తారు. నూక చిన్నది, విరిగిన ముఖం ఎక్కువ, కాబట్టి పులుసును బాగా పీల్చుకుంటుంది. చివర్లో అడుగు కాస్త అంటుకునేదాకా కావాలనే మంట మీద ఉంచుతారు. గరిటెతో గీకి తీసే ఆ చెక్కును ఖోఞ్ అంటారు. పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నవాళ్లకు దాన్ని పంచుతారు. మనమైతే మాడు అని గిన్నె నానబెట్టేస్తాం. నన్నడిగితే పళ్లెంలో మొదట ఖాళీ కావలసింది అదే.

[దృశ్యం: పాత చిత్రపటం. పడవల్లోకి వేరుశెనగ బస్తాలు ఎక్కిస్తున్న రేవు.]

మరి నూకలే ఎందుకు? సెనెగల్ పల్లెల్లో ముందునుంచీ ప్రధాన తిండి సజ్జలు, జొన్నలు. ఆ దేశాన్ని ఏలిన ఫ్రెంచివాళ్లు అక్కడి పొలాలను వేరుశెనగకు మళ్లించారు. నూనెకు పనికివచ్చే పంట, ఎగుమతికి లాభం. తిండిగింజలు పండించే నేల తగ్గితే ఆ లోటు ఎలా పూడ్చాలి? తమ చేతిలోనే ఉన్న ఇండోచైనాలో, అంటే నేటి వియత్నాం, కంబోడియా, లావోస్‌ల ప్రాంతంలో, బియ్యం మిల్లులున్నాయి. అక్కడ చవకగా దొరికే నూకలను ఓడలకెక్కించి డకార్‌లో దించారు. వలస పాలకులు చవకైన తిండిగా తెచ్చి పడేసిన సరుకు అది. దానితో సెనెగల్ ఆడవాళ్లు ఇంత గొప్ప వంట చేశారు. ఈ వంటకం ముందు కూర్చున్నప్పుడు నాకు అన్నిటికంటే గౌరవం కలిగేది ఆ చేతుల మీదే.

ఈ కథలో మనకూ చోటుంది. కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికా దేశాలకు బియ్యం ఓడలు వెళ్తుంటాయి. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత 2023లో సెనెగల్ వంటి కొన్ని దేశాలకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. మన వార్తల్లో రెండు వరుసలతో సరిపెట్టిన విషయం, అక్కడ వంటింటి విషయం.

[దృశ్యం: చిన్న గిన్నెలో ముదురాకుపచ్చ ముద్ద. పక్కన గాజు గ్లాసులో మంకెన పువ్వు రంగు పానీయం.]

పళ్లెం అంచున ఈ పచ్చటి ముద్దను చూడండి. పేరు బెగెజ్. నాలుక మీద పెట్టుకుంటే తెలుగువాళ్లెవరైనా ఒక్క క్షణం ఆగిపోతారు, ఎందుకంటే అది గోంగూర. ఎర్ర కాడల గోంగూర, వృక్షశాస్త్రంలో హైబిస్కస్ సబ్దరిఫా. ఆకును ఉడికించి మెదుపుతారు, కొందరు బెండకాయ కూడా కలుపుతారు. మన పచ్చడిలో ఉన్నట్లు ఎండుమిర్చి పోపు ఉండదు, పులుపు మాత్రం మనదే. ఆ గ్లాసులోని ఎర్రటి పానీయం బిస్సాప్. అదీ ఈ మొక్కదే. పువ్వు రాలాక కాయను చుట్టి ఉండే ఎర్రటి రెక్కలను ఎండబెట్టి, మరిగించి, పంచదార, పుదీనా వేసి చల్లగా ఇస్తారు. ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా అని శాస్త్రజ్ఞులు చెబుతారు. గుంటూరులో పచ్చడి, తెలంగాణ పల్లెలో పుంటికూర పప్పు తింటూ పెరిగిన మనం, ఆ ఆకు పుట్టింటికి వచ్చి కూర్చున్నామన్నమాట.

ఇళ్లలోనూ, చిన్న భోజనశాలల్లోనూ అందరికీ కలిపి ఒకటే పెద్ద పళ్లెం. దాని చుట్టూ కూర్చుని, కుడిచేత్తో గానీ చెంచాతో గానీ, ఎవరి ముందున్న భాగం వాళ్లు తింటారు. చేపా కూరగాయలూ మధ్యలో ఉంటాయి. వాటి మీదికి మీరు చేయి చాపకూడదు. ఇంటి పెద్దావిడ వాటిని తుంచి ఒక్కొక్కరి ముందుకు తోస్తూ ఉంటుంది. అతిథి ముందు ముక్కలు ఎక్కువగా పడతాయి. ఈ ఆదరణకు వొలోఫ్‌లో తెరాంగ అని పేరు. నడిచిపోతున్నవాళ్లను సైతం "కాయ్ లెక్" అని పిలుస్తారు. భోజనానికి రండి అని.

అన్నం మధ్యలో ఒక పసుపుపచ్చ మిరపకాయ చిట్లకుండా కనిపిస్తుంది. బుల్లి గుమ్మడికాయ ఆకారం. అది కొరికి తినేది కాదు. మీ ముందున్న అన్నం మీద చిన్న ముక్క రుద్దుకుంటే చాలు. మన కారం మీద నమ్మకంతో నోట్లో వేసుకోకండి, అది వేరే ఘాటు.

శాకాహారులకు ఒక జాగ్రత్త. కూరగాయల పులుసు అని చెప్పినదాంట్లో కూడా ఎండు చేప పడి ఉండవచ్చు. వడ్డించేవారిని ముందే స్పష్టంగా అడగండి.

[దృశ్యం: మళ్లీ రాత్రి. మొదట చూసిన బల్లలు. ఇప్పుడు నిండుగా.]

రాత్రికి వద్దాం. డకార్ ఆఫ్రికా ప్రధాన భూభాగానికి పడమటి కొసన ఉన్న నగరం, చుట్టూ అట్లాంటిక్. కాబట్టి బొగ్గుల మీద కాల్చిన చేప తప్పకుండా ఉంటుంది. అలాగే దిబి, కాల్చిన పొట్టేలు మాంసం. వేరుశెనగ గుజ్జుతో చేసే మాఫె. నేను మాత్రం కోడి యాస్సా తీసుకోమంటాను. దక్షిణాన కాసమాన్స్ ప్రాంతపు వంట ఇది. కోడిని నిమ్మరసం, ఆవ ముద్ద, గుట్టలకొద్దీ ఉల్లిపాయలతో నానబెట్టి, ముందు నిప్పుల మీద కాల్చి, ఆ ఉల్లిపాయల్లోనే మగ్గబెడతారు. ఉల్లి కరిగి తియ్యబడుతుంది, నిమ్మ పులుపు దాన్ని పట్టి ఉంచుతుంది.

వంటకం వచ్చేలోపు మెల్లగా మొదలయ్యేది కోరా అనే తీగ వాద్యం.

[శబ్దం: కోరా. మాట లేకుండా ఇరవై సెకన్లు. తర్వాత దగ్గరి దృశ్యం, వాయించేవారి వేళ్లు.]

సగానికి కోసిన పెద్ద సొరబుర్ర, దాని మీద బిగించిన ఆవు తోలు, నిలువుగా పొడవాటి కర్ర, ఇరవై ఒక్క తీగలు. ఎడమ చేతికి 11, కుడి చేతికి 10. ఇన్ని తీగలను వాయించేది నాలుగు వేళ్లే, రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు. మిగిలిన వేళ్లతో చిన్న పిడులను పట్టుకుంటారు. బొటనవేళ్లు ఆగకుండా ఒకే నడకను తిప్పుతూ ఉంటే, దాన్ని కుంబెంగో అంటారు. దాని మీద చూపుడువేళ్లు జలపాతంలా జార్చే స్వరాలు బిరిమింతింగో. కళ్లు మూసుకుని వింటే ముగ్గురు వాయిస్తున్నారనే అనుకుంటారు. శ్రుతి చేయాలంటే కర్రకు చుట్టిన తోలు కట్లను వేలితో పైకీ కిందికీ జరపాలి. తీగలు ఒకప్పుడు తోలువి. ఇప్పుడు ఎక్కువగా చేపలు పట్టే నైలాన్ దారం. మీ పళ్లెంలోని చేపా, ఆయన చేతిలోని రాగమూ ఒకే దుకాణం సరుకుతో రావచ్చు.

కోరా వాయించేవారు ఎక్కువగా గ్రియోల కుటుంబాలవారు. వంశచరిత్రలు, రాజుల కథలు నోటితో నిలిపి తరం నుంచి తరానికి అందించిన కుటుంబాలు. గోత్రాలు చెప్పి, వంశాలు కీర్తించే కులాలు మనకూ ఉన్నాయి కాబట్టి ఈ సంబంధం మనకు సులభంగా అర్థమవుతుంది. గ్రియో మీ బల్ల దగ్గరికి వచ్చి పేరడిగి, ఆ పేరును పాటలో కలిపితే తల దించుకోనక్కరలేదు. నవ్వుతూ చూడండి, పాటయ్యాక ఒక నోటు చేతిలో పెట్టండి. బిచ్చం కాదది, ఆ పాటకు దక్కే మర్యాద. ఉన్న చోటి నుంచి విసరకండి, లేచి వెళ్లి ఇవ్వండి. "జెరెజెఫ్" అనండి, అంటే కృతజ్ఞతలు.

[దృశ్యం: వేదిక మీదికి గిటారు, శాక్సోఫోన్, డోళ్లు వస్తున్నాయి.]

పదకొండు దాటాక ఊపు మారుతుంది. చాలా చోట్ల మొదట వినిపించేది క్యూబా నడక. వింతగా ఉందా? బానిసలుగా ఓడల్లో పట్టుకుపోయిన ఆఫ్రికన్ల తాళాలు క్యూబాలో కొత్త సంగీతమయ్యాయి. ఆ సంగీతం గ్రామఫోన్ రికార్డుల మీదెక్కి మళ్లీ డకార్ రేవులో దిగింది. డకార్ కుర్రవాళ్లు దాన్ని విని ఇది మన ఇంటి గొంతే అనుకున్నారు. 1970లో బావోబాబ్ అనే క్లబ్బు కోసం ఏర్పడిన వాద్యబృందం ఆర్కెస్ట్రా బావోబాబ్ ఆ క్యూబా నడకను అక్కడి వొలోఫ్, మండింకా భాషల పాటలతో కలిపింది. వాళ్ల గిటారు కళాకారుడు బార్తెలెమీ అత్తిసో టోగో దేశస్థుడు, డకార్‌కు న్యాయశాస్త్రం చదవడానికి వచ్చి రాత్రిళ్లు గిటారు పట్టాడు. తర్వాత ఊరికి వెళ్లి న్యాయవాది అయ్యాడు. విడిపోయిన బృందం 2001లో మళ్లీ కలిసినప్పుడు తిరిగి వచ్చి చేరాడు.

ఆ బృందాన్ని 1980లలో వెనక్కి నెట్టింది ఎంబలఖ్. డకార్‌లోని మెదినా పేటలో 1959లో పుట్టిన గాయకుడు యూసూ ఎన్‌డూర్ పేరుతో ప్రపంచానికి తెలిసిన సంగీతం అది. గిటార్లూ కీబోర్డూ ఉన్నా, పెత్తనం సబార్ డోళ్లదే. డప్పుకు రెండు చేతుల్లో రెండు పుల్లలుంటాయి. సబార్‌కు ఒక చేతిలో పుల్ల, రెండో చేయి ఖాళీ. పుల్ల పిడుగులా పడితే అరచేయి ఉరుములా పలుకుతుంది. మన మృదంగానికి తకధిమి ఉన్నట్లు వాళ్లకూ నోటితో పలికే జతులు ఉన్నాయి. గిన్, పఖ్, తన్. పొడవైన దరువుల వరుసలను బక్ అంటారు. పక్కనే చంకలో పెట్టుకునే చిన్న డోలు తామా. తాళ్లను మోచేత్తో నొక్కితే స్వరం పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది, మాట్లాడినట్లే ఉంటుంది.

అప్పుడు చూడాలి. ఏ బల్ల దగ్గరి నుంచో ఒకావిడ లేస్తుంది. వేదిక ముందుకొచ్చి, డోలు వాయించేవాడి కళ్లలోకి చూస్తూ అడుగు వేస్తుంది. ఆయన చూపు ఆమె మోకాళ్ల మీదే. ఆమె గాల్లోకి లేచిన చోటే దెబ్బ పడాలి. పది సెకన్లు, పదిహేను సెకన్లు. నవ్వుకుంటూ వెనక్కి వచ్చి కూర్చుంటుంది, చల్లారిపోతున్న యాస్సా మళ్లీ తింటుంది. ఆ పది సెకన్లలో ఎవరు ఎవరిని నడిపించారో చెప్పడం కష్టం.

[దృశ్యం: చిన్న బొగ్గుల కుంపటి. నీలం రంగు బుల్లి టీ పాత్ర.]

లేవడానికి తొందరపడకండి, అత్తాయా ఇంకా రాలేదు. చైనా నుంచి వచ్చే పచ్చ తేయాకుతో బొగ్గుల మీద మరిగే టీ ఇది. గ్లాసు నుంచి గ్లాసుకు, చేయి పైకెత్తి, నురగ నిలిచేదాకా పోస్తూనే ఉంటారు. అదే ఆకుతో మూడు విడతలు. మొదటిది చేదు. రెండోదాంట్లో పంచదార, పుదీనా పెరుగుతాయి. మూడోది తేనెలా ఉంటుంది. మూడింటికీ కలిపి గంట పైనే పడుతుంది, ఆ గంటంతా కబుర్లే.

రెండో గ్లాసు మీ చేతికొచ్చే వేళకు తామా మళ్లీ మొదలవుతుంది. గ్లాసు అంచును బొటనవేలితో, అడుగును చూపుడువేలితో పట్టుకోండి, వేడి తగలదు.

[శబ్దం: తామా, వెనుక నుంచి సబార్. దృశ్యం టీ నురగ మీద ఆగుతుంది.]