ఫిస్టులా చేతిలో పారే నెత్తురు

అందరికీ నమస్కారం. పొద్దున్నే డయాలసిస్ చేయించుకుని, ఆ నీరసంతోనే కవిటి, కంచిలి నుంచి వచ్చి కూర్చున్నవాళ్లున్నారు. అందుకే ఎక్కువసేపు మాట్లాడను.

“మిషన్ నా నెత్తురంతా తాగేస్తోంది బాబూ” అని మొన్న ఒక అమ్మ నాతో అన్నారు. ఆ భయం మీలో చాలామందికి ఉంది.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 55 శాతం దాకా ప్లాస్మా, అంటే లేత పసుపు రంగు నీరు. యూరియా, ఉప్పులు అందులోనే కరిగి ఉంటాయి, మిషన్ కడిగేది వాటినే. మిగతావి కణాలు. తెల్లకణాలు రోగాలతో పోరాడతాయి, ప్లేట్‌లెట్లు గాయం దగ్గర నెత్తురు గడ్డకట్టిస్తాయి. కిడ్నీ జబ్బు పీడిస్తున్న మన ఉద్దానం వాళ్లకు అసలు చిక్కు ఎర్రకణాలతోనే. ఒక్కో ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకని రోజూ కొత్తవి పుడుతూనే ఉండాలి. వాటిని పుట్టించమని ఎముకల్లోని మూలుగకు కబురు పంపేది ముఖ్యంగా కిడ్నీయే, ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌తో. కిడ్నీ చెడితే ఆ కబురు తగ్గిపోతుంది. మీ ముఖాలు పాలిపోవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావడం ఎక్కువగా అందుకే. మిషన్ నడిచేటప్పుడు ఒంటి బయట ఉండే రక్తం పావు లీటరుకు అటూ ఇటూ, అంతే. అది మళ్లీ మీ ఒంట్లోకే వస్తుంది. ఫిల్టర్‌లో కొద్దిగా మిగిలిపోయే మాట నిజమే, దాచను. డాక్టరు రాసిన ఎరిత్రోపోయిటిన్, ఐరన్ ఇంజెక్షన్లు మానొద్దనేది అందుకే.

ఇక మిషన్‌కు రక్తం అందించే చెయ్యి సంగతి. ధమనిలో రక్తం గుండె తోపుతో ధాటిగా పారుతుంది, దాని గోడ మందం. సిర గోడ పలచన, అందులో పారకం నెమ్మది. మిషన్‌కు నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున రక్తం కావాలి. సిర అంత ఇవ్వలేదు. ధమనేమో లోతున ఉంటుంది, మాటిమాటికీ గుచ్చలేం. అందుకే చేతిలో ఆ రెండిటినీ కలిపి కుడతారు, దాన్నే ఫిస్టులా అంటారు. 1966లో న్యూయార్క్ డాక్టర్లు బ్రెషియా, సిమినో, వాళ్ల తోటివాళ్లు ప్రకటించిన ఉపాయం ఇది. ధమని ధాటికి సిర కొన్ని వారాల్లో లావెక్కి, గోడ గట్టిపడుతుంది.

ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, పరీక్షకు రక్తం తీయనివ్వకండి. బిగుతు గాజులు వద్దు, జీడి బస్తాలు ఎత్తొద్దు, దానిమీద తల పెట్టి పడుకోవద్దు. రోజూ వేళ్లు ఆనించి చూడండి, తుమ్మెద జుమ్మన్నట్టు అదురు తెలియాలి. ఆగిపోయిందా, ఆ రోజే ఆసుపత్రికి రండి, మర్నాటి దాకా ఆగొద్దు.

జబ్బు ముదురుతున్నా ఇంకా డయాలసిస్ దాకా రానివాళ్లు సెలైన్‌కైనా రక్తానికైనా అరచేతి వెనక గుచ్చమనండి. ముంజేతి సిరలు రేపటికి కావాలి.

ఇప్పుడు ఫిస్టులా ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ రండి. జుమ్మనేది ఎక్కడ తెలుస్తుందో మీ వేళ్లతోనే పట్టి చూపిస్తాను.