ఏఐ తెలిసి చెప్తదా, కుదిర్చి చెప్తదా? (ఫోన్-ఇన్ కార్యక్రమం, వరంగల్)

యాంకర్: నమస్తే. ఇయ్యాల ఏఐ, అంటే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ (కృత్రిమ మేధ) గురించి మాట్లాడుకుందాం. అసలే తెల్వనోళ్లకే ఈ కార్యక్రమం, కాబట్టి మొహమాటపడకుండ అడగండి. కంప్యూటర్ సైన్స్ చెప్పే మేడం మనతోటి ఉన్నరు. మొదటి కాల్ జనగామ నుంచి.

కాలర్ (జనగామ): నమస్తే మేడం, కిరాణా షాపు మాది. మా పిల్లగాడు ఫోన్ల ఏఐ వేసిచ్చిండు. ఏది అడిగినా టకటక చెప్తది. అవుతల ఎవలన్నా కూసోని రాస్తున్నరా?

నిపుణురాలు: లేదన్నా, మనిషి లేడు. మీరు వాట్సాప్‌ల "శుభో" అని కొట్టంగనే కీబోర్డు మీద "శుభోదయం" అని వస్తది కదా, గదే పని చాలా పెద్ద ఎత్తున చేస్తది. పుస్తకాలు, వార్తలు, వెబ్‌సైట్లు, లెక్కలేనన్ని పేజీలు దానికి చూపెట్టి, ఇంతవరకు ఉన్న రాతకు తర్వాతి ముక్క ఏం రావాల్నో ఊహించుడు నేర్పిన్రు. ఆ ముక్కలను టోకెన్లు అంటరు. ఒక తెలుగు మాట సాధారణంగ ఇంగ్లీషు మాట కంటే ఎక్కువ ముక్కలైతది, అది చదివిన తెలుగు రాత కూడా తక్కువే. అందుకే తెలుగుల అడిగితే ఒక్కోసారి తడబడుతది.

యాంకర్: ఇది మొన్న మొన్ననే వచ్చిందా మేడం?

నిపుణురాలు: పేరు పాతదే. అమెరికాల జాన్ మెకార్తీ, ఆయన తోటివాళ్లు 1956ల డార్ట్‌మత్ కాలేజీల పెట్టిన సదస్సు కోసం ఆ పేరు వాడిన్రు. 2017ల గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతి కనిపెట్టిన్రు. మన పొలం కాడ కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్ కాదు! వాక్యంల ఏ మాటకు ఏ మాటతోటి సంబంధం ఉన్నదో ఒకేసారి చూసే లెక్క అది. 2022 నవంబర్‌ల చాట్‌జీపీటీ వచ్చినంక అందరి చేతికి అందింది.

కాలర్ (జనగామ): మరి ఎనుమాములల ఇయ్యాల ఎండుమిర్చి రేటెంత అంటే చెప్పింది. నమ్మాల్నా?

నిపుణురాలు: జవాబు కింద లింకు ఉన్నదా చూడండి. ఉంటే అప్పటికప్పుడు ఇంటర్నెట్ల వెతికి ఉండొచ్చు. లింకు తెరిచి తారీఖు చూడండి, నిరుడు రేటు కూడా కావచ్చు. లింకు లేకుంటే ఆ అంకె కుదిర్చి రాసిందే అనుకోండి, దాని మీద బేరం చేయకండి.

యాంకర్: హన్మకొండ నుంచి ఒక టీచర్ గారు.

కాలర్ (హన్మకొండ): మేడం, పిల్లలకు రామప్ప మీద ప్రశ్నలు తయారు చేయమన్నా. రామప్ప గుడిని 1163ల రుద్రదేవుడు కట్టించిండని రాసింది. అంత ధైర్యంగ తప్పెట్ల రాస్తది?

నిపుణురాలు: మంచి ఉదాహరణ ఇచ్చిన్రు. 1163, రుద్రదేవుడు, ఇవి వేయిస్తంభాల గుడివి. రామప్ప 1213ది, కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. రెండూ కాకతీయుల కాలంవే, రెండిట్ల శివుడున్నడు, కట్టించిన ఇద్దరూ రుద్రులే. పైనుంచి రుద్రమదేవి పేరు కూడా ఉన్నది. అది చదివిన రాతలల్ల ఈ మాటలన్నీ పక్కపక్కనే ఉంటయి. అది బీరువా తెరిచి కాగితం తీసి చదువుతలేదు, పక్కన ఏం నప్పుతదో చూసి రాస్తున్నది. "తెల్వదు" అనేకంటే నప్పేది రాసుడే దానికి అలవాటు. ధైర్యం అంటున్నరు కదా, అది భాషల ఉన్న ధైర్యమే. ఒకసారి అది సరైన జవాబు చెప్పినంక "తప్పు" అని చూడండి, చాలాసార్లు క్షమించమని సరైనదాన్ని కూడా మార్చేస్తది.

కాలర్ (హన్మకొండ): అయితే ఎట్ల వాడుకోవాలె?

నిపుణురాలు: దాని జ్ఞాపకం మీద వదిలేయకండి, పాఠం మీరే ఇయ్యండి. కొత్త చాట్ తెరవండి. పాఠం పేజీలను వెలుతురుల, వంకర లేకుండ ఫొటో తీసి పెట్టండి. ముందు "ఈ పేజీలో ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యి" అనండి. ఒత్తులు, అంకెలు సరిగ్గ చదివిందా చూసుకోండి, తెలుగు ఫొటోలల్ల ఎక్కువ తప్పులు ఇక్కడనే. తర్వాత ఇట్ల అడగండి: "ఈ పాఠంలోంచే ఎనిమిదో తరగతికి 10 ప్రశ్నలు రాయి. ప్రతి జవాబు కింద పాఠంలోని వాక్యం మార్చకుండా పెట్టు. పాఠంలో లేనిది రాయకు." ఆ వాక్యం మీ పుస్తకంల దొరకకుంటే ఆ ప్రశ్న కొట్టేయండి. ఇంకో పాఠానికి ఇంకో చాట్. ఒక్క చాట్‌నే రోజుల తరబడి సాగదీస్తే మొదట ఇచ్చింది జారిపోతది, అది ఒక్కసారి ఇంత రాత వరకే పట్టుకోగలదు.

యాంకర్: నర్సంపేట, చెప్పండన్నా.

కాలర్ (నర్సంపేట): మేడం, మిర్చి తోటల ముడత వచ్చింది. ఆకు ఫొటో పెడితే మందు పేరు, డోసు చెప్పింది. కొట్టాల్నా?

నిపుణురాలు: ఆగండన్నా. ఆకు పైకి ముడుచుకున్నదా, కిందికా?

కాలర్ (నర్సంపేట): పైకి, దోనె లెక్క.

నిపుణురాలు: పైకి దోనె లెక్క అయితే తామర పురుగు కావచ్చు. కిందికి ముడిగి, కాడ సాగితే తెల్లనల్లి. నల్లి పురుగు జాతి కాదు, దానికి మందే వేరు. పైనుంచి తీసిన ఒక్క ఫొటోల ఈ తేడా పడదు, అయినా ఏఐ ఏదో ఒకటి చెప్తది. మూడు ఫొటోలు పెట్టండి: మొత్తం చెట్టు, ఆకు మీది వైపు, ఆకు కింది వైపు దగ్గర నుంచి. ఎండ పొద్దు వద్దు, నీడల తీయండి. పువ్వును తెల్ల కాగితం మీద దులిపి కదిలే పురుగులు ఉన్నయా చూసి, అది కూడా రాయండి. మందు పేరు అడగకండి, "ఇది ఏమేం కావచ్చు, ఎట్ల తేల్చుకోవాలె" అని అడగండి.

కాలర్ (నర్సంపేట): డోసు సంగతి?

నిపుణురాలు: డోసు మాత్రం డబ్బా మీదనే చూడాలె. ఏఐ లీటరుకు, ఎకరానికి, హెక్టారుకు కలగలిపేస్తది. అది చదివిన రాతలల్ల హెక్టారు లెక్కలు కూడా ఉంటయి, హెక్టారంటే మన దాదాపు రెండున్నర ఎకరాలు. ఉదాహరణకు, 1500 పీపీఎం (డబ్బా మీద రాసే మందు బలం) వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు అంటే 200 లీటర్లకు లీటరు నూనె. ఇట్ల మీరే గుణించి చూస్తే దాని తప్పు దొరుకుతది. ఫొటోలు తీసుకొని రైతువేదికల ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారికి చూపెట్టి, అప్పుడు కొట్టండి.

యాంకర్: ఆఖరి కాల్, హుజూరాబాద్.

కాలర్ (హుజూరాబాద్): మేడం, మా మనుమని గొంతుతోటే ఫోన్ వచ్చింది, యాక్సిడెంట్ అయింది, 40 వేలు పంపు అని. పంపలే. గొంతు మాత్రం వాడిదే!

నిపుణురాలు: పంపకుండ మంచి పని చేసిన్రు అమ్మా. కొద్ది సెకన్ల వీడియోల గొంతు దొరికినా నకలు చేసే ఏఐ ఉన్నది. వెంటనే ఫోన్ పెట్టేసి, మీ ఫోన్ల ముందు నుంచి ఉన్న మనుమని నంబరుకు మీరే చెయ్యాలె. వచ్చిన నంబరుకు తిరిగి చెయ్యొద్దు. ఇంట్ల అందరికీ తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి, మీ పాత బర్రె పేరైనా సరే, ఫేస్‌బుక్‌ల లేనిది. ఎవరన్నా పైసలు పంపి ఉంటే ఆలస్యం చేయకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలె. పైసలు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే వీలుంటది.

కాలర్ (హుజూరాబాద్): బర్రె పేరు వాడు మర్చిపోయిండు గని మేడం, ఇంకోటి పెట్టుకుంటం.