పుట్టి అంచు మీద నుంచి చెయ్యి తీయండి

(మొదటి షాట్: సంగారెడ్డి దగ్గర మంజీర. నీటి మధ్యలో ఇసుక తిప్ప. దాని మీద నోరు బార్లా తెరుచుకుని, కదలకుండా పడుకున్న మొసలి.)

ఇలాంటి క్లిప్పు మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. వెనక నుంచి ఒకాయన గొంతు వినిపిస్తూ ఉంటుంది: "చూడండి, ఎంత కోపంగా నోరు తెరిచిందో! ఇప్పుడు పడవ మీదికి దూకుతుంది!"

దూకదు. దానికి కోపం రాలేదు, తల వేడెక్కింది. మొసలికి మనలాగా చెమట పట్టదు. ఎండ కాగేటప్పుడు నోరు తెరిచి పెట్టుకుంటే లోపలి తడి ఆరి తల చల్లబడుతుంది. అంతకు మించి అందులో కథ లేదు. కానీ ఆ క్లిప్పును చివరిదాకా చూడండి. కెమెరా కాస్త కిందికి వంగినప్పుడు వీడియో తీస్తున్న పెద్దమనిషి ఎడమ చెయ్యి కనిపిస్తుంది. పుట్టి, అంటే ఆ గుండ్రటి పడవ, అంచు దాటి వేళ్లు నీళ్లలో ఆడుతున్నాయి. తిప్ప మీద కనిపిస్తున్న మొసలిని చూసి ఆయనకు గుండె దడ, నీటి అడుగున ఉండగల ఇంకో మొసలికి మాత్రం వేళ్లు అందిస్తున్నాడు.

నమస్కారం. ఈ వీడియో ఆ చెయ్యి గురించే.

హైదరాబాద్ నుంచి ఆదివారం వస్తే గాలాలు, ఎరలు సర్దుకుని బయల్దేరేవాళ్లు ఎక్కువయ్యారు. తప్పేమీ లేదు. కొర్రమీను మీద మనకున్న ప్రేమ ఎంతటిదంటే దాన్ని రాష్ట్ర చేపగానే పెట్టుకున్నాం. అయితే వీళ్లలో చాలామంది బుర్రలో ఉన్న మొసలి సినిమా మొసలి. అది దూరం నుంచి కనిపిస్తుంది, నీళ్లు చీల్చుకుంటూ వస్తుంది, మనం తెడ్డు వేసి తప్పించుకుంటాం. పాపం, నిజం మొసలికి ఈ తతంగమంతా తెలియదు.

(స్క్రీన్ మీద: తెలంగాణ పటం. మంజీర, కృష్ణ, గోదావరి, కిన్నెరసాని.)

ముందు మన మొసలి ఎవరో చూద్దాం. మన నదుల్లో ఉండేది మంచినీటి మొసలి, మగర్ అంటారు. మంజీరలో ఉంది, కృష్ణలో ఉంది, మంథని దగ్గర గోదావరి ఒడ్డున శివారం అభయారణ్యంలో ఉంది, పాల్వంచ వైపు కిన్నెరసానిలో ఉంది. ఎక్కడి నుంచో వచ్చిపడ్డాయని కొందరు చిరాకు పడుతుంటారు. కాదు, ఇవి ఇక్కడివే. తోళ్ల కోసం వేటాడి, గుడ్లు తవ్వుకుని, దేశమంతా వీటిని దాదాపు ఊడ్చేసిన తర్వాత 1975లో మొసళ్ల సంరక్షణ పథకం మొదలైంది. గుడ్లు సేకరించి పొదిగించి, పిల్లలను కాస్త పెద్దవయ్యేదాకా పెంచి నదుల్లో వదిలారు. ఆ పని నేర్పే జాతీయ శిక్షణ సంస్థ ఒకప్పుడు మన హైదరాబాద్‌లోనే ఉండేది. మంజీర అభయారణ్యం ఏర్పడింది 1978లో, అదీ ముఖ్యంగా మొసళ్ల కోసమే. అన్నట్టు, నగరంలో చాలా ఇళ్లకు దశాబ్దాలుగా తాగునీరు వచ్చింది ఆ మంజీర నుంచే. కాబట్టి అక్కడికి వెళ్లి "ఇక్కడ మొసలి ఏమిటి?" అని ఆశ్చర్యపోవడం మన నోట బాగుండదు. ఇంకో మాట: అభయారణ్యంలోకి అనుమతి లేకుండా దిగకూడదు. గాలం వేయడం సంగతి తర్వాత.

ఇప్పుడు అసలు విషయం. మొసలి ఎలా వేటాడుతుంది?

కోఠి బస్టాపులో జేబుదొంగను ఊహించుకోండి. వాడు ఎవరి వెంటా పరుగెత్తడు. పరుగెత్తే జేబుదొంగకు అన్నం పుట్టదు. గంటల తరబడి ఊరికే నిలబడతాడు. ఎవరు ఏ బస్సు ఎక్కుతున్నారో, ఎవరి చూపు ఎక్కడుందో గమనిస్తాడు. చెయ్యి వేసే క్షణం ఒక్కటే: మీ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి కమ్మీ మీద, ఇంకో చేతిలో సంచి ఉన్నప్పుడు. సీట్లో సర్దుకుని కూర్చున్నవాడి జోలికి రాడు. రోడ్డు అవతల నడుస్తున్నవాడి జోలికీ రాడు.

మొసలి సరిగ్గా ఇంతే. దాని ఒంటికి వేడి బయటి నుంచి రావాలి, అందుకే తిండి ఖర్చు చాలా తక్కువ. పెద్ద మొసలి నెలల తరబడి తినకుండా ఉండగలదు. అంటే దానికి తొందర లేదు. కాచుకోవడానికి తీరిక ఉన్నవాడితో మనకు పని. నీటిలో ఒక్క ఉదుటున దూసుకురావడానికి కావలసిన బలం దండిగా ఉంది, ఎక్కువసేపు తరిమే ఓపిక మాత్రం లేదు. అందుకే "వంకరటింకరగా పరుగెత్తితే మొసలి పట్టుకోలేదు" అనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేల మీద అది మనిషిని తరుముకుంటూ వెళ్లడం దాదాపు జరగదు. ఒకవేళ పక్కన కనిపిస్తే నీటికి దూరంగా తిన్నగా పరుగెత్తండి. వంకర్లు తిరుగుతూ నీటి అంచునే ఎందుకు ఉండాలి?

(స్క్రీన్ మీద: మొసలి దవడ, దగ్గరి నుంచి. పొలుసుల మీద చిన్న చిన్న నల్ల చుక్కలు.)

ఈ చుక్కలను చూడండి. ఇవి మచ్చలు కావు. నీటి ఉపరితలం మీద కదలికను పసిగట్టే అవయవాలు. 2002లో డాఫ్నే సోరెస్ అనే శాస్త్రవేత్త మొసలి బంధువు ఎలిగేటర్ల మీద ఒక ప్రయోగం చేశారు. కటిక చీకటిలో నీటి మీద ఒక్క బొట్టు పడితే చాలు, అవి అటు తిరిగాయి. ఆ చుక్కలను కప్పేస్తే పట్టించుకోలేదు. ఎలిగేటరుకు ఇవి మొహం మీదే ఉంటాయి, మన మొసలికి ఒళ్లంతా ఉంటాయి.

ఒక్క బొట్టు! ఇప్పుడు మీరు పుట్టిలో ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. వల లాగుతారు, చేపను పక్కకు తీసి పొలుసు గీస్తారు, పేగులు నీళ్లలోకి విసిరేస్తారు, చెయ్యి జిగటగా ఉందని అంచు మీద నుంచే వంగి కడుక్కుంటారు. జేబుదొంగ ముందు నిలబడి నోట్లు లెక్కపెట్టడమంటే ఇదే.

పుట్టి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన పడవ. వెదురు బద్దలు అల్లి, కింద పట్టా చుట్టి, తారు పూసినది. ఇప్పుడు ఫైబరువి కూడా వస్తున్నాయి. గుండ్రంగా ఉంటుంది, ముందూ వెనకా లేదు. ఇద్దరు మనుషులు, తడి వల, నాలుగు బొచ్చె చేపలు ఎక్కాక అంచుకూ నీటికీ మధ్య మిగిలేది జానెడు. వల బరువుగా వచ్చిందనుకోండి, ఇద్దరూ ఒకే వైపు వంగుతారు. ఆ జానెడు బెత్తెడవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో మీ మోచేతులు నీటికి తగులుతుంటాయి, కళ్లు వల మీద ఉంటాయి. ఇదే ఫుట్‌బోర్డు క్షణం. కాబట్టి ఒకరు వల లాగుతుంటే రెండోవాళ్లు ఎదురు వైపు మోకాళ్ల మీద కూర్చుని నీటిని చూడాలి. సాయం చేద్దామని ఇద్దరూ ఒకే పక్కకు రావడం స్నేహం కావచ్చు, తెలివి కాదు.

థర్మాకోల్ ముక్కలు కట్టిన తెప్పలు, లారీ ట్యూబులు వాడేవాళ్లకు ఒక్కటే మాట. కాళ్లు నీళ్లలో వేలాడేసి కూర్చునేది పడవ కాదు. మొసళ్లున్న నీటిలోకి దాని మీద వెళ్లకండి. దీనికి సర్దుబాటు చిట్కా ఏదీ లేదు.

వలలో చేప కొట్టుకుంటుంటే ఆ అలజడికి మొసలి వచ్చి చేపతో పాటు వలనూ పట్టుకోవచ్చు. అప్పుడు వల కోసం పోటీపడి లాగకండి. తాడు కోసి వదిలేయండి. వల ఖరీదు నాకు తెలియక కాదు, దాని మీదే బతికే ఇంట్లో అది ఎంత పెద్ద నష్టమో తెలుసు. అయినా కోయండి. మొసలి వలలో చిక్కుకుంటే పుట్టి పక్కకు లాక్కోకండి, కొట్టి చంపకండి. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది, పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. అటవీ శాఖకు చెప్పండి.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అన్నా, మొసళ్లు పడవల మీద దాడి చేస్తాయట కదా, ఆస్ట్రేలియాలో చేసిందట?" చేసింది. ఉత్తర ఆస్ట్రేలియాలో 1970లలో స్వీట్‌హార్ట్ అని పేరు పెట్టుకున్న ఒక మగ మొసలి ఉండేది. 5.1 మీటర్ల పొడవు. చేపలు పట్టేవాళ్ల చిన్న పడవల మీదికి వచ్చేది, ఇంజన్లు కొరికేది. మనుషుల జోలికి మాత్రం వెళ్లలేదు! ఆ ఇంజను మోతను తన ఇలాకాలోకి వచ్చిన ఇంకో మగ మొసలి అనుకుని ఉంటుందని చాలామంది అంచనా. 1979లో దాన్ని పట్టుకుని వేరే చోటికి తరలిస్తుంటే చచ్చిపోయింది. ఇప్పుడు డార్విన్ మ్యూజియంలో ఉంది. కానీ అది ఉప్పునీటి మొసలి. మన దేశంలో ఆ జాతి ఒడిశాలోని భితర్‌కనికలో, సుందరవనాల్లో, అండమాన్‌లో ఉంది. మంజీరలో లేదు. మన మగర్ సాధారణంగా మూడు, నాలుగు మీటర్లకు మించదు. అది చాలు, మనిషికి అది చాలా ఎక్కువ. కానీ పడవ బోల్తా కొట్టించే మొసలి కోసం ఎదురుచూస్తూ చెయ్యి నీళ్లలో పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఏమనాలో తెలియదు.

ఇక ఒడ్డు. నిజానికి వీడియో అంతా దీని గురించే చేయాల్సింది. మగర్ దాడులు ఎక్కువగా జరిగేది లోతు నీటిలో, పడవ మధ్యలో కూర్చున్నవాళ్ల మీద కాదు. స్నానం చేసేవాళ్ల మీద, బట్టలు ఉతికేవాళ్ల మీద, మోకాలి లోతులో నిలబడి వల విసిరేవాళ్ల మీద. పుట్టిలో రోజంతా జాగ్రత్తగా ఉండి, రేవు రాగానే ఒకరు మోకాలి లోతులోకి దూకి పుట్టిని ఒడ్డుకు తోస్తారు చూడండి, బస్సు దిగే ఆ తొందరలోనే జేబు కత్తిరిస్తారు. పుట్టి అడుగు నేలకు తగిలేదాకా లోపలే ఉండండి. గడతో పొడిచి చూడండి, ఇంకో రెండు తోపులు తోయండి, పొడి నేల మీదికి అడుగు వేయండి. తుంగ మొలిచిన చోట దిగకండి, చుట్టూ నీళ్లలో ఏముందో కనిపించే చోట దిగండి.

రోజూ అదే రేవు, అదే వేళ వద్దు. ఇది చాలామంది నమ్మరు. మొసలి గమనిస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది. రోజూ సాయంత్రం ఒకే రాయి మీద కూర్చుని చేపలు శుభ్రం చేసి పేగులు అక్కడే పడేస్తే మీరు దానికి అలవాటు నేర్పుతున్నారు. మన జేబుదొంగకు మీ జీతం తేదీ చెప్పినట్టు. చేపలను నీటికి దూరంగా తీసుకెళ్లి కోయండి, వ్యర్థాలు గుంట తీసి పూడ్చండి.

టైము దగ్గర పడింది, ఎడిటరు మొహం చూస్తే అర్థమవుతోంది. మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఇసుక తిప్పలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆడ మొసలి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది, పాతిక ముప్పై దాకా ఉంటాయి. రెండు నెలలు దాటాక, వానలకు అటూ ఇటూగా పిల్లలు వస్తాయి. అన్నాళ్లూ తల్లి చుట్టుపక్కలే ఉంటుంది. ఆ రోజుల్లో తిప్పల మీద వలలు ఆరేయడం, పొయ్యి పెట్టి వండుకోవడం మానేయండి. ఇక్కడ మాత్రం జేబుదొంగ లెక్క పనిచేయదు, తల్లి నేరుగా మీదికి వస్తుంది. ఒడ్డున మట్టి గట్టులో పెద్ద బొరియ కనిపిస్తే అది మొసలిది కావచ్చు, దాని ముందు పుట్టి కట్టకండి.

చీకటి. మునిమాపు నుంచి తెల్లవారేదాకా వాటి వేళ. తప్పనిసరై వెళ్తే తలకు టార్చి కట్టుకోండి. నీటి మట్టాన ఎర్రగా మెరిసే కళ్లు కనిపిస్తే ఆ దిక్కు వదిలేయండి. ఒంటరిగా వద్దు, మందు కొట్టి అసలే వద్దు. లైఫ్ జాకెట్ మొసలి కోసం కాదు, పుట్టి బోల్తా పడితే దాని కోసం. పడితే ఈత పోటీ పెట్టుకోకుండా, నీటిలోంచి వీలైనంత త్వరగా బయటపడండి. పుట్టి దగ్గరుంటే దాని మీదికే ఎక్కండి.

పట్టుకుంటే? మొసలి దవడ మూసే బలం భయంకరం, తెరిచే బలం తక్కువ. అందుకే అటవీ సిబ్బంది తాడుతో మూతి కట్టగలుగుతారు. అది వాళ్ల పని, ఈ మాట విని ఎవరూ మూతి పట్టుకోవడానికి వెళ్లకండి. పట్టుబడ్డవాళ్లు ఊరుకోకూడదు. కళ్లలో పొడవాలి, పక్కనున్నవాళ్లు తెడ్డుతో తల మీద, ముక్కు మీద కొట్టాలి. దాని పళ్లు కోసేవి కావు, పట్టేవి. అందుకే మెలి తిరిగి చీలుస్తుంది. అది తిరగడం మొదలుపెట్టే లోపే ఏదైనా చేయాలి. విడిపించాక గాయం మీద శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి పట్టండి, 108కి ఫోను చేయండి. గాయం చిన్నదే అయినా పసుపు అద్ది ఇంట్లో కూర్చోవద్దు. ఆ నోటి నుంచి వచ్చే ఇన్ఫెక్షన్‌కు ఆసుపత్రిలోనే వైద్యం జరగాలి.

చివరిది, వానాకాలంలో ఊరి చెరువులో మొసలి కనిపిస్తే. రాళ్లు వేయకండి, తాడు కట్టి సెల్ఫీలు తీసుకోకండి. ఫారెస్టు వాళ్లకు చెప్పండి, వాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా ఆ చెరువులోకి గేదెలను దింపకండి, వాటి వెనకే దిగే పిల్లలను కూడా.