నలభై దినాల తరువాత

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు నామమున వందనాలు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై దినాలు మాంసం మానడం, ఒక పూట ఉపవాసముండడం, తెల్లవారుజామున ప్రార్థనకు రావడం మన సంఘాలలో బాగానే అలవాటైంది. దానిని నేను తక్కువ చేయను. అయితే, తనను వెంబడింపగోరువాడు తన్నుతాను ఉపేక్షించుకొని ప్రతిదినము తన సిలువను ఎత్తుకోవాలని లూకా తొమ్మిదవ అధ్యాయంలో ప్రభువు చెప్పినప్పుడు, నా మాటే నెగ్గాలి, నా వాటా ముందు రావాలి అనే పట్టుదలనే ఆయన విడిచిపెట్టమన్నాడు. ఈస్టరు మరునాడు మాంసం మళ్లీ వండుకోవచ్చు గాని, ఆ పట్టుదలను మళ్లీ ఇంటికి తెచ్చుకునే వీలు శిష్యునికి లేదు.

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, దేవరకొండ ప్రాంతాల ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరెన్) సంఘాలకు, పసిబిడ్డలకు గాక విశ్వసించినవారికే బాప్తిస్మమిచ్చే మెన్నోనైట్ పూర్వికుల వారసత్వం ఉంది. వారిలో డిర్క్ విల్లెమ్స్ అనే డచ్చి విశ్వాసి, పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం పొంది తన ఇంట కూటాలు జరిపించాడన్న నేరానికి చెరలో పడి, తప్పించుకొని, గడ్డకట్టిన చెరువు మీదుగా పారిపోతుండగా, తరుముకొచ్చినవాడు మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనుదిరిగి అతనిని బయటికి లాగాడు, మళ్లీ పట్టుబడ్డాడు. 1569లో అస్పెరెన్ పట్టణంలో అతనిని సజీవంగా దహించారు. ఆలోచించుకోవడానికి అతనికి ఎంత వ్యవధి ఉండి ఉంటుంది? ఎవరూ లెక్కపెట్టని చిన్న సంగతులలో ఏనాటినుండో తనను తాను కాదనుకోవడం నేర్చినవానికే ఆ క్షణంలో వెనక్కి తిరగడం సాధ్యమని నా నమ్మకం.

ఆ చిన్న సంగతులు మనకూ ఉన్నాయి. సాగర్ ఎడమ కాలువ కింద వారబందీ ప్రకారం, అంటే వంతులవారీగా నీళ్లు పంచుకునే పద్ధతిలో, మన వంతు ముగిసిన రాత్రి, మడి సగమే తడిసి ఉండగా, కాలువ కాపలా చూసే లష్కరు ఇంటికి పోయాడనీ, దిగువ రైతు తెల్లారితే గాని రాడనీ తెలిసినప్పుడు, తూము షట్టరు మన చేతిలోనే ఉంటుంది. అందరూ చేసేదే కదా అన్న మాట అప్పుడెంత న్యాయంగా వినబడుతుందో సేద్యం చేసినవారికి తెలుసు. షట్టరు దించి ఇంటికి పోవడమే ఆ రాత్రి మనం ఎత్తుకోవలసిన సిలువ. పొలంలో ఒక మూల ఎండిపోనూవచ్చు. దీనిని సాక్ష్యపు కూటంలో చెప్పుకోవడం కూడా కుదరదు. చెప్పుకుంటే పొగడ్తే మిగులుతుంది.

ఇంకొక మాట చెప్పక తప్పదు. తాగి కొట్టే భర్తను భరించడమే నీ సిలువ అని ఆడబిడ్డలకు బోధించే పెద్దలు మనలో ఉన్నారు. ఎవని సిలువను వాడే ఎత్తుకోవాలన్నాడు ప్రభువు. పక్కవారి భుజాన పెట్టే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఇంట తన్నుతాను ఉపేక్షించుకోవలసినవాడు ఆ భర్త. పెద్దలు అక్కడికి వెళ్లినప్పుడు, సంఘం పరువు సంగతి పక్కనపెట్టి, ముందు ఆమెకూ పిల్లలకూ క్షేమమైన చోటు చూడాలి. ఆమె ఫిర్యాదు చేస్తానంటే పోలీసు స్టేషను దాకా తోడు వెళ్లాలి.