క్రియ చివర నిలబడ్డ మనిషి
(చారిత్రక నవల రాస్తున్నవారి కోసం విశాఖపట్నంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంగ్లిష్‌లో నవల రాసేవాళ్లకి ఆడా మగా తేడా సర్వనామం దగ్గరే వస్తుంది. పేరు పెట్టి రాస్తే అదీ పోతుంది. మనకి పేరు పెట్టినా పోదు. మైకేల్ వచ్చాడా, మైకేల్ వచ్చిందా? క్రియ చివర తేల్చి తీరాలి. మూడొందల పేజీల నవలలో ఆ ముడి కొన్ని వేలసార్లు విప్పాలి. ట్రాన్స్‌జెండర్ మనిషి జీవితం మీద చారిత్రక నవల అనగానే పరిశోధన కష్టమని భయపడతాం. పరిశోధనకి కాగితాలున్నాయి. అసలు చిక్కంతా ఈ "డు", "ది"ల దగ్గరే.

ఉదాహరణకి మైకేల్ డిల్లన్‌ని తీసుకుందాం. ఆడపిల్లగా నమోదై, మగవాడిగా బతికిన బ్రిటిష్ డాక్టరు. 1915 మే 1న లండన్‌లో పుట్టాడు. రిజిస్టర్లో రాయించిన పేరు లారా. పుట్టిన కొద్దిరోజులకే తల్లి పోయింది, ఫోక్‌స్టన్‌లో మేనత్తలు పెంచారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివే రోజుల్లో మహిళల పడవ పందేల క్లబ్బుకి అధ్యక్షుడయ్యాడు. ఈ వాక్యం దగ్గర మీలో కొందరు తలెత్తి చూశారు కదా! నవలంతా ఈ ఉలికిపాటుని మోయాలి. 1939లో టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) మాత్రలు మొదలయ్యాయి. 1942లో ఛాతీ ఆపరేషన్, 1944లో జనన నమోదులో మార్పు, 1945 నుంచి 1951 దాకా డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో వైద్యవిద్య. ఆ మధ్యలోనే, 1946-49 నడుమ, ప్లాస్టిక్ సర్జన్ సర్ హెరాల్డ్ గిలీస్ చేతుల మీదుగా 13 ఆపరేషన్లు. తర్వాత ఓడల మీద డాక్టరు. 1958లో పత్రికలు సంగతి బయటపెట్టాయి. భారతదేశం వచ్చి బౌద్ధంలోకి వెళ్లాడు, 1960లో లదాఖ్‌లోని రిజాంగ్ విహారంలో శ్రామణేరుడిగా, అంటే కొత్తగా చేరిన భిక్షువుగా, ఉన్నాడు. 1962 మే 15న డల్హౌసీలో, 47వ ఏట చనిపోయాడు.

ఇప్పుడు క్రియ సంగతి. అందరికీ మొదట తట్టేది ఉత్తమపురుష. "నేను వచ్చాను"లో ఆడా మగా లేదు, హిందీవాళ్లకి ఆ సౌకర్యం కూడా లేదు. కానీ డిల్లన్ తన కథ తనే రాసి పెట్టాడు. చనిపోయే ముందే రాతప్రతి పూర్తిచేసి పంపాడు, అది పుస్తకంగా వచ్చింది 2016లో. మనం "నేను" అని మొదలెడితే మన కల్పన ఏదో, ఆయన సొంత మాట ఏదో పాఠకుడికి తెలీకుండా కలిసిపోతాయి. పేరు మార్చి రాసే నవలకి ఈ దారి బాగుంటుంది, అసలు పేరు పెట్టిన నవలకి వద్దు.

రెండోది గౌరవవాచకం. ఆయన వచ్చారు, ఆవిడ వచ్చారు, క్రియ ఒకటే. ఓడ మీద డాక్టర్ డిల్లన్‌కి ఇది చక్కగా అతుకుతుంది. ఐదేళ్ల పిల్లాడు మెట్ల మీంచి పడి "ఏడ్చారు" అంటే మాత్రం నవ్వొస్తుంది.

మూడోది దాటవేత. రాలేదు, తెలియదు, కావాలి, వెళ్లాల్సి వచ్చింది, ఇష్టం లేకపోయింది: వీటిలో లింగం ఉండదు. "వచ్చి", "చూస్తూ", "చెప్పడంతో" అని అసమాపక క్రియలతో కొంత దూరం లాగొచ్చు. రెండు పేజీలు బాగానే నడుస్తుంది. మూడో పేజీకి రచయిత ఊపిరి బిగబట్టి రాస్తున్నాడని పాఠకుడు పసిగడతాడు. దీన్ని ఒక్కచోట వాడండి. యుద్ధకాలంలో డిల్లన్ బ్రిస్టల్‌లో ఒక గరాజ్‌లో పనిచేశాడు. మాత్రల వల్ల రూపం మారిపోతోంది, వచ్చిన ఖాతాదార్లు తికమకపడుతున్నారు. ఈ గందరగోళం పడలేక, డిల్లన్‌ని "అతను" అనే పిలవమని మేనేజరు పనివాళ్లందరికీ చెప్పాడు. తెలుగులో ఇంతకన్నా మంచి సన్నివేశం దొరకదు. మేనేజరు నోట మొదటి "వచ్చాడు" పడేదాకా, ఆ అధ్యాయంలో క్రియలన్నీ లింగం లేకుండా నడపండి. వ్యాకరణమే కథ చెబుతుంది.

మిగతా నవలంతా కథకుడి గొంతులో మొదటినుంచీ "డు" ఉండాలని నా అభిప్రాయం. తను ఎవరో డిల్లనే చెప్పుకున్నాడు, దానికి ముందు బాల్యాన్ని వేరే మనిషికి రాసివ్వడానికి మనమెవరం? పాత్రల నోట మాత్రం ఆ కాలపు మాటే రావాలి. మేనత్త "అమ్మాయ్, ఎక్కడికెళ్లొస్తున్నావ్?" అంటుంది. మరుసటి వాక్యం: "మెట్ల దగ్గరే నిలబడిపోయాడు." వివరణ అక్కర్లేదు. లారా అనే పేరూ అంతే, ఇతరుల నోట, కాగితాల మీద తప్ప కథకుడు పలకకూడదు. పుట్టుక అధ్యాయంలో మన భాషే సాయపడుతుంది. బిడ్డ ఏడ్చింది, బిడ్డ నిద్రపోయింది అంటాం. ఆడపిల్లయినా మగపిల్లాడయినా అంతే.

చుట్టరికాలు ఇంకో మెలిక. డిల్లన్ అన్న రాబర్ట్ బారొనెట్, అంటే వంశపారంపర్య బిరుదున్నవాడు. మనకి చెల్లెలో తమ్ముడో తేల్చాలి. "తోబుట్టువు" అన్నా వాడుకలో అక్కచెల్లెళ్లనే అనుకుంటారు. అన్న దృష్టిలో "చెల్లెలు" చివరిదాకా "తమ్ముడు" కాలేదు. కథ మలుపు తిరిగేది సరిగ్గా ఇక్కడే. ఆ బిరుదు మగ వారసులకే వెళ్తుంది, అన్నకి పిల్లల్లేరు. బిరుదుల వాళ్ల వంశావళులు అచ్చువేసే పుస్తకాలు రెండు. డెబ్రెట్స్‌లో తమ్ముడని దిద్దారు, బర్క్స్‌లో చెల్లెలుగానే ఉండిపోయింది. ఆ తేడా పట్టుకునే 1958లో విలేకరులు ఓడ దాకా వచ్చారు. అప్పుడు ఓడ అమెరికాలోని బాల్టిమోర్ రేవులో ఉంది. ఈ వారసత్వపు లెక్క ముందు అధ్యాయాల్లో నాటకపోతే విలేకరులు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టుంటుంది.

ఆపరేషన్ల గురించి రాసేటప్పుడు చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. కళ్లు మూసుకుని "కొత్త జన్మ" అని ఒక్క వాక్యంలో దాటేయడం ఒకటి, జుగుప్సగా సాగదీయడం ఇంకొకటి. పద్ధతి తెలిస్తే రెండూ అక్కర్లేదు. గిలీస్ మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు చితికిన సైనికుల కోసం 1917లో వాడిన ట్యూబ్ పెడికిల్ పద్ధతే ఇక్కడ పురుషాంగం రూపొందించడానికీ పనికొచ్చింది. పొట్ట మీద చర్మానికి రెండు సమాంతర గాట్లు పెట్టి, మధ్య పట్టీని కింద కొవ్వుతో సహా లేపుతారు. రెండు అంచుల్నీ లోపలికి చుట్టి గొట్టంలా కుడతారు. రెండు కొసలూ ఒంటికే అంటుకుని ఉంటాయి, రక్తం అక్కడినుంచే అందుతుంది. పచ్చిభాగం లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి చీము పట్టే ప్రమాదం తగ్గుతుంది. కొన్ని వారాలాగి ఒక కొస కోసి కొత్తచోట అతికిస్తారు, అక్కడ రక్తం పారడం మొదలయ్యాకే రెండో కొస కోస్తారు. తొందరపడితే గొట్టం నల్లబడి చచ్చిపోతుంది. పదమూడు ఆపరేషన్లు, మూడేళ్లు ఎందుకు పట్టాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇవి కాలేజీ సెలవుల్లో జరిగేవి. కుంటుతూ క్లాసుకొస్తే యుద్ధంలో దెబ్బ అని చెప్పుకున్నాడు. రికార్డులో గిలీస్ రాసిన జబ్బు పేరు హైపోస్పేడియస్, మూత్రద్వారం ఉండాల్సిన చోట లేకుండా పుట్టడం. ఆ ఒక్క మాట వెనక సర్జన్, రోగి పంచుకున్న మౌనం మీదే ఒక అధ్యాయం రాయొచ్చు.

కాలం తప్పులు కొన్ని చెప్తాను. టెస్టోస్టిరాన్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది 1935లో. 1933 అధ్యాయంలో మాత్ర వచ్చిందంటే నవల అక్కడే పడిపోయింది. "ట్రాన్స్‌జెండర్" అనే మాట డిల్లన్ బతికుండగా లేదు, ముందుమాటలో వాడండి, సంభాషణలో వద్దు. దాని బదులు "హిజ్రా" పెట్టడం ఇంకా పెద్ద తప్పు. అది గురుచేలా సంబంధాలున్న ఒక సమాజం పేరు, డిల్లన్ ట్రాన్స్ పురుషుడు. 1962లో డల్హౌసీ పంజాబులో ఉంది, హిమాచల్‌లో కాదు. డిల్లన్ మన దేశం వచ్చేసరికి నయాపైసలొచ్చి ఏడాదే అయింది, బజారులో అణాల లెక్క ఇంకా పోలేదు.

ఇక మన ఊరి ఆశ. విశాఖ రేవుకి తొలి ఓడ జలదుర్గ 1933 అక్టోబరు 7న వచ్చింది. ఓడ డాక్టరు కథ కదా, డిల్లన్‌ని ఇక్కడ దింపి డాల్ఫిన్స్ నోస్ చూపిస్తే ఎంత బాగుంటుందని మీలో సగంమందికి ఇప్పటికే అనిపించి ఉంటుంది. అసలు పేరు ఉంచితే, ఓడల రాకపోకల జాబితాలో ఆ ఓడ ఆ నెలలో ఎక్కడుందో చూడకుండా దింపొద్దు. పేరు మారిస్తే ఏ రేవులోనైనా దింపండి, కానీ అప్పుడు ఓడ పేరు, కాలేజీ, అన్న బిరుదు కూడా మార్చాలి. సగం మార్చి సగం ఉంచిన నవలలే ఎక్కువ అబద్ధమాడతాయి. మన ఊరి దగ్గరి బౌద్ధక్షేత్రాలు తొట్లకొండ, బావికొండ చూసి పెరిగిన పాఠకులకి విహారం, శ్రామణేరుడు, ఉపసంపద (పూర్తి భిక్షు దీక్ష) అనే మాటలు కొత్త కాదు. ఆయన బౌద్ధనామం జీవక. బుద్ధుడి వైద్యుడు జీవకుడు గుర్తొచ్చేవాళ్లకి డాక్టర్ ఈ పేరుతో ఎందుకు బతికాడో వేరే చెప్పక్కర్లేదు.

ముగింపు గురించి ఒక్క హెచ్చరిక. ఇంకో డాక్టరున్నాడు, జేమ్స్ బ్యారీ. బ్రిటిష్ సైన్యంలో సర్జన్. 1826లో కేప్‌టౌన్‌లో చేసిన సిజేరియన్‌లో తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. 1865లో చనిపోయాక శవానికి స్నానం చేయించినామె "అది ఆడ ఒళ్లు" అని చెప్పిన మాటే లోకానికి మిగిలింది, సిజేరియన్ వెనక్కి పోయింది. శవం దగ్గర మొదలెట్టే నవల, చివరి పేజీలో బట్టలు విప్పే నవల, రెండూ ఆ మనిషి నలభై, యాభై ఏళ్ల పనిని పొడుపుకథగా మార్చేస్తాయి. పాఠకుడికి మొదటి అధ్యాయంలోనే అంతా తెలియనివ్వండి. ఉత్కంఠ వేరేచోట ఉంది: ఎవరికి తెలుసు, ఎవరు నోరు విప్పుతారు, రాతప్రతి మిగులుతుందా? డిల్లన్ రాతప్రతిని అన్న తగలబెట్టమన్నాడు, సాహిత్య ఏజెంటు దాచాడు.

మీ మొదటి అధ్యాయాలు బల్ల మీద పెట్టండి. ఎర్ర పెన్సిల్‌తో కథకుడి "డు"లకీ "ది"లకీ గీత పెట్టండి, పాత్రల మాటల్లో వచ్చినవాటికి నీలం. ఎరుపులో రెండూ కలిసి కనిపించిన పేరాతో మొదలెడదాం.