‘డార్సీ సాగా’ రివ్యూ: పెళ్ళయ్యాక ఎలిజబెత్ వేళాకోళం ఎటు పోయింది?

అందరికీ నమస్కారం. ఇవాళ ‘డార్సీ సాగా’ గురించి మాట్లాడుకుందాం. జేన్ ఆస్టెన్ తన నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ని ఎలిజబెత్, డార్సీల పెళ్ళితో ముగించేసింది కదా, ఆ పెళ్ళి తర్వాతి కథని షారన్ లేథన్ అనే రచయిత్రి అందుకుని సిరీస్‌గా రాసింది. ముందే ఒక మాట చెప్పాలి. ఒక ఈ-బుక్ యాప్ వాళ్ళు నాకు కొన్నాళ్ళు ఫ్రీ సబ్‌స్క్రిప్షన్ ఇచ్చి, ఈ సిరీస్ మీద వీడియో చెయ్యమన్నారు. ఏం చెప్పాలో వాళ్ళు చెప్పలేదు, ముందుగా చూపించమనీ అడగలేదు. పుస్తకాల వరుస, పేజీలు, ఏది ఏ ఏడాది వచ్చింది, అవన్నీ ఇక్కడ చదవను. అసలు నవల చదవనివాళ్ళుంటే మాత్రం వీడియో ఇక్కడే ఆపి, అది చదివి రండి. ఇందులో దాని కథంతా బయటికొచ్చేస్తుంది.

మొదటి పుస్తకం 2009లో వచ్చింది. పెళ్ళితోనే మొదలవుతుంది. కొత్త దంపతులు డార్సీ ఎస్టేట్ పెంబర్లీ చేరతారు, కాపురం మొదలు. అంతే. కుట్రలు లేవు, అపార్థాలు లేవు, పాత ప్రేయసి వచ్చి తలుపు తట్టదు. మొదట్లో ఇది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. సీక్వెల్ అనగానే సుఖంగా ఉన్న జంటని విడగొట్టాల్సిందే అన్నట్టు రాస్తారు చాలామంది. ఇద్దరు మనుషులు ప్రేమించుకుని, పెళ్ళి చేసుకుని, హాయిగా ఉంటే అది కథ ఎందుకు కాకూడదు? ఆ ప్రశ్న వేసే ధైర్యం లేథన్‌కి ఉంది. దానికి మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఇంకోటి కూడా ఉంది. ఆస్టెన్ మనల్ని ప్రేమ దగ్గరికి తీసుకెళ్ళి గుమ్మం బయటే నిలబెట్టేస్తుంది. డార్సీ రెండోసారి అడిగి, ఎలిజబెత్ ఒప్పుకున్నాక, అతను ఏమన్నాడు? ఆ మాటలు ఆవిడ రాయలేదు. గాఢంగా ప్రేమలో ఉన్న మనిషి ఎంత వివేకంగా, ఎంత ఆర్తిగా మాట్లాడగలడో అంతగా మాట్లాడాడు అని రచయిత్రే చెప్పేసి పక్కకి వెళ్ళిపోతుంది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో వినాలని ప్రతి పాఠకురాలికీ ఉంటుంది. నాకూ ఉంది. ఈ సిరీస్ ఆ తలుపు బార్లా తీస్తుంది. శృంగారం బాగానే ఉంటుంది, పడనివాళ్ళు చూసుకుని మొదలుపెట్టండి. నా అభ్యంతరం దాని మీద కాదు.

నా అభ్యంతరం వాళ్ళ మాటల మీద. దీని గురించి కొంచెం సేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

నవల 58వ అధ్యాయంలో చిన్న ముక్క ఉంది. ఎలిజబెత్, డార్సీ ఒకరినొకరు ఒప్పుకున్నారు, నడుచుకుంటూ మాట్లాడుకుంటున్నారు. తన స్నేహితుడు బింగ్లీ విషయంలో తను ఏం చేశాడో డార్సీ చెబుతున్నాడు. ఎలిజబెత్‌కి ఒక చురక నాలుక చివరి దాకా వచ్చింది. ఆపేసుకుంది. ఎందుకంటే, తనని చూసి ఎవరైనా నవ్వితే పడటం అతను ఇంకా నేర్చుకోలేదు, ఇప్పుడే మొదలుపెడితే మరీ తొందరవుతుంది అనుకుంది. చూశారా? ఈ మనిషికి ఎవరైనా నవ్వితే పడటం నేర్పాలి అని ఆవిడ అప్పుడే లెక్క వేసేసుకుంది. పెళ్ళి తర్వాత ఏం జరగబోతోందో ఆస్టెన్ అక్కడే చెప్పేసింది.

మళ్ళీ చివరి అధ్యాయంలో చూడండి. జార్జియానా, అంటే డార్సీ చెల్లెలు, పెంబర్లీలో వదినతోపాటే ఉంటోంది. వదిన అన్నయ్యని ఆట పట్టించే తీరు చూసి మొదట్లో ఆ పిల్ల బిత్తరపోతుంది. తను ప్రేమించడం కూడా మర్చిపోయేంతగా భయభక్తులతో చూసిన అన్నయ్య మీద ఎదురుగానే జోకులు! పెళ్ళాం మొగుడి దగ్గర తీసుకునే చనువు, తన కంటే పదేళ్ళకి పైగా చిన్నదైన చెల్లెలికి ఏ అన్నయ్యా ఇవ్వడని మెల్లగా తెలుసుకుంటుంది. వాళ్ళ కాపురం గురించి ఆస్టెన్ స్వయంగా మనకిచ్చిన బొమ్మ ఇదే. అందులో ముద్దు పేర్లు లేవు, కన్నీళ్ళు లేవు. వేళాకోళం ఉంది.

పెళ్ళికి ముందు ఎలిజబెత్ నేరుగా అడుగుతుంది కూడా, నా పెంకితనం చూసే ఇష్టపడ్డారా, నిజం చెప్పండి అని. మీ మనసులోని చురుకుదనం చూసి అంటాడు డార్సీ.

ఇప్పుడు ‘డార్సీ సాగా’కి రండి. ఆ చురుకుదనమే ఇక్కడ పలచబడిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు పొగుడుకుంటారు, నువ్వు లేకపోతే నేను లేను అనుకుంటారు, తర్వాతి అధ్యాయంలో మళ్ళీ అదే. పాయసం మంచిదే కానీ విస్తరి నిండా పాయసమే వడ్డిస్తే ఎలా? డార్సీ అసలు మాట పొదుపు మనిషి. అతని నోట్లోంచి ఒక్క మెచ్చుకోలు రావడానికి మనం నవలలో సగం దూరం నడిచాం. అలాంటివాడు రోజుకి పదిసార్లు మనసు విప్పితే, విప్పినదానికి విలువేముంది? ఎలిజబెత్ చేతుల్లో అతను నవ్వడం నేర్చుకునే తొలి ఏడాది ఎంత గొప్ప కథ! ఆ ఏడాదే ఈ పుస్తకాల్లో ఉండీ ఆ నవ్వు మాత్రం లేకపోయేసరికి నాకు నిజంగానే కోపం వచ్చింది.

ఇలా ఎందుకయింది అంటే, ఈ సిరీస్‌కి అసలు తల్లి నవల కాదు, 2005 సినిమా. సినిమా చూసిన ఊపులోనే లేథన్ రాయడం మొదలుపెట్టింది. అమెరికాలో వేసిన ప్రింట్‌లో చివర ఒక సీన్ ఉంటుంది, బ్రిటన్‌లో వేసినదాంట్లో ఉండదు. రాత్రిపూట పెంబర్లీలో ఇద్దరే కూర్చుని, నన్ను ఏమని పిలుస్తారు, ఎప్పుడు ఎలా పిలుస్తారు అని మురిపెంగా మాట్లాడుకుంటారు. ఆ సీన్ మీకు ప్రాణమైతే ఈ సిరీస్ మీకోసమే, సందేహం లేదు. ఆ సీన్‌నే సాగదీసి పుస్తకాలకి పుస్తకాలు రాశారు. నాకు 58వ అధ్యాయం ప్రాణం. గొడవంతా అక్కడే.

ఆస్టెన్‌కి సీక్వెల్ రాయడం వచ్చా అంటే, వచ్చు! నవల 1813 జనవరిలో వచ్చింది. అదే ఏడాది మే 24న అక్క కాసాండ్రాకి లండన్ నుంచి ఉత్తరం రాసింది. స్ప్రింగ్ గార్డెన్స్‌లో చిత్రాల ప్రదర్శనకి వెళ్ళి, అక్కడ తన నవలలోని మిసెస్ బింగ్లీకి, అంటే ఎలిజబెత్ అక్క జేన్‌కి, అచ్చు సరిపోయే బొమ్మ దొరికిందట! తెల్ల గౌను, ఆకుపచ్చ అలంకారాలు. ఆకుపచ్చ అంటే ఆవిడకి ఇష్టమని నేనెప్పుడూ అనుకునేదాన్నే అంటుంది. మిసెస్ డార్సీ పసుపులో ఉంటుందనుకుని వెతికింది, దొరకలేదు. అప్పుడు ఏమని తేల్చుకుందంటే, భార్య బొమ్మని పదిమంది కళ్ళ ముందు పెట్టడం డార్సీకి ఇష్టం ఉండి ఉండదు, అతనికి ప్రేమ, గర్వం, సున్నితం కలగలిసిన అలాంటి మనసు ఉంటుంది అని. ఒక్క ఉత్తరంలో భర్తగా డార్సీ మొత్తం కనిపిస్తున్నాడు. అందులో ప్రేమ ఎంత ఉందో, నవ్వు కూడా అంతే ఉంది.

వేరే సీక్వెల్స్ సంగతి అడుగుతారు కాబట్టి ఒక ముక్క. ఈ దారి పాతదే. సిబిల్ బ్రింటన్ అనే ఆవిడ 1913లోనే ఆస్టెన్ నవలల పాత్రలన్నిటినీ ఒకే కథలో కలిపేసింది. 2011లో పి.డి. జేమ్స్ పెంబర్లీ అడవిలో హత్య చేయించింది. హత్య కథగా అది బిగువుగానే నడుస్తుంది, కానీ అందులోనూ ఎలిజబెత్ నవ్వదు. ఈ పాత్రని అందుకున్న ప్రతివాళ్ళూ ముందు ఆవిడ నవ్వునే ఎందుకు తీసేస్తారో నాకు అర్థం కాదు.

మధ్య పుస్తకాల్ని త్వరగా దాటేద్దాం. ప్రయాణాలు, గర్భం, పిల్లలు, బంధువుల పెళ్ళిళ్ళు. ‘ది ట్రబుల్ విత్ మిస్టర్ డార్సీ’కి వచ్చేసరికి ఎలిజబెత్ చెల్లెలు లిడియా మొగుడు, నవలలోని మోసగాడు విక్‌హమ్ మళ్ళీ దిగుతాడు, కథ ఒక్కసారిగా థ్రిల్లర్ అవుతుంది. అంత అవసరమా? చివరి అధ్యాయంలో ఆస్టెన్ ఎన్ని నిప్పురవ్వలు వదిలిందో చూడండి. ఏడాదికి మూడు నాలుగు వందల పౌన్లు ఉంటే బాగుండునంటూ లిడియా అక్కకి ఉత్తరం రాస్తుంది, నీకు ఇష్టం లేకపోతే డార్సీతో మాత్రం అనొద్దులే అంటుంది. ఎలిజబెత్ తన సొంత ఖర్చులు తగ్గించుకుని తరచూ పంపుతూ ఉంటుంది. ఏటా పది వేల పౌన్ల రాబడి ఉన్న ఇంట్లో, భార్య తన చేతి ఖర్చుల్లోంచి మిగిల్చి చెల్లెలికి పంపుతోంది! భర్తకి తెలుసా? తెలిసీ తెలియనట్టు ఉన్నాడా? విలన్ అక్కర్లేకుండానే నాకు ఒక పుస్తకం చాలు అక్కడ.

అయితే ‘మిస్ డార్సీ ఫాల్స్ ఇన్ లవ్’ దగ్గర నా మూడ్ మారిపోయింది. జార్జియానా యూరప్ యాత్రలో ప్యారిస్ చేరుతుంది, సంగీతమే ప్రాణంగా బతకాలనుకుంటుంది, ఇద్దరు మగవాళ్ళు మనసు పడతారు. అసలు నవలలో ఈ పిల్ల పెద్దగా నోరే విప్పదు. అందుకే రచయిత్రి చేతులకి కట్లు లేవు. పోల్చి చూడ్డానికి మన దగ్గర పాత గొంతు లేదు కాబట్టి కొత్త గొంతు హాయిగా వినిపిస్తుంది. పియానో దగ్గర కూర్చుని తప్ప ధైర్యం రాని పిల్ల, తనకేం కావాలో తనే తేల్చుకునే దాకా ఎదగడం నాకు చాలా చాలా నచ్చింది. ‘ది ప్యాషన్స్ ఆఫ్ డాక్టర్ డార్సీ’ కూడా అంతే. డార్సీ బాబాయి జార్జ్, ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా ఉద్యోగం ఒప్పుకుని ఇండియాకి వెళ్తాడు. ఈయన పూర్తిగా లేథన్ సృష్టి. అందుకేనేమో, మిగతావాళ్ళ కంటే ఈయనే ప్రాణంతో ఉన్నాడు.

కాబట్టి నా మాట ఇది. మొదటి పుస్తకం సగం చదవండి, ఆ తీపి మీకు పడితే వరుసగా వెళ్ళిపోండి. పడకపోతే మధ్యవి వదిలేసి నేరుగా జార్జియానా పుస్తకానికి, అక్కణ్ణించి డాక్టరు పుస్తకానికి వెళ్ళండి. డబ్బు పెట్టి కొనాలంటే నేను ఆ రెండే కొంటాను.

ఎలిజబెత్ మిగతా చెల్లెళ్ళలో కిట్టీకి పెంబర్లీ దగ్గర్లోని ఒక మతగురువుతో పెళ్ళవుతుందని, మేరీకి ఫిలిప్స్ మావయ్య ఆఫీసులో గుమస్తా దొరుకుతాడని ఆస్టెన్ ఇంట్లోవాళ్ళతో చెప్పేదట. ఆవిడ మేనల్లుడు 1870లో రాసిన జ్ఞాపకాల్లో ఈ సంగతి ఉంది. ఆ గుమస్తా ఇంట్లో మేరీ కాపురం మీద మంచి నవల మీకేదైనా తెలిస్తే కింద కామెంట్‌లో పెట్టండి, తర్వాతి వీడియో దాని మీదే చేస్తాను.